చదువుతూ ఇల్లు నడిపే బిడ్డకు గృహరుణం లభిస్తుందా?

(విద్యార్థులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సలహా కోసం మా వద్దకు వచ్చే కుటుంబాలు తరచు ఒక ప్రశ్న అడుగుతున్నాయి. తండ్రి మంచాన పడ్డాడు, లేదా కన్నుమూశాడు. పెద్ద బిడ్డ డిగ్రీ చదువుతూనే సాయంత్రం దుకాణంలో లెక్కలు రాసి, ట్యూషన్లు చెప్పి ఇల్లు గడుపుతున్నాడు. అద్దె ఏటేటా పెరుగుతున్నది. ఆ అద్దె సొమ్మే వాయిదాగా కట్టి సొంత ఇల్లు సంపాదించరాదా? విద్యార్థికి బ్యాంకు గృహరుణం ఇస్తుందా?

చట్టం దృష్టిలో విద్యార్థి కావడం అడ్డంకి కాదు. 18 ఏళ్లు నిండిన ప్రతి వ్యక్తికీ ఒప్పందం చేసుకునే అర్హత ఉన్నది. అయితే బ్యాంకు చూసేది అవసరాన్ని కాదు, మార్కులను కాదు. నెలనెలా వాయిదా కట్టగల ఆదాయాన్ని. ఆ ఆదాయం కూడా కాగితం మీద కనబడాలి. కాగితం లేనిదే ఫైలు కదలదన్న సంగతి గుమాస్తాగా పనిచేసిన మాకు కొత్త కాదు. బ్యాంకు గుమాస్తా బల్ల మీదా అదే నియమం.

మన బిడ్డల ఇబ్బంది ఇక్కడే ఉన్నది. దుకాణదారు చేతికిచ్చే నగదు, ట్యూషను పిల్లలు కవరులో పెట్టి ఇచ్చే రుసుము ఇంటికి అన్నం పెడుతున్నాయి గాని బ్యాంకు లెక్కలోకి రావు. స్కాలర్‌షిప్పును, ఫీజు రీయింబర్స్‌మెంటును బ్యాంకు సాధారణంగా ఆదాయంగా పరిగణించదు. ఉద్యోగికైతే జీతం చీటీలు, ఫారం 16 అడుగుతారు. సొంత పని చేసేవారికి రెండు మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు, బ్యాంకు ఖాతా వివరాలు అడుగుతారు. పన్ను కట్టవలసినంత ఆదాయం లేకపోయినా రిటర్ను దాఖలు చేయవచ్చునన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. సంపాదన ఖాతాలో పడేటట్లు చూసుకుని, ఏటా రిటర్ను వేస్తూ ఉంటే, డిగ్రీ చేతికి వచ్చేనాటికి ఆ బిడ్డకు బ్యాంకు నమ్మదగిన చరిత్ర ఏర్పడుతుంది.

ఇక అంకెలు చూద్దాము. 12 లక్షల ఇంటికి 10 లక్షల రుణం, 9 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుందాము. నెల వాయిదా సుమారు 9,000 రూపాయలు. 240 వాయిదాలు పూర్తయ్యేసరికి కట్టేది దాదాపు 21 లక్షల 60 వేలు. నెలసరి ఆదాయంలో వాయిదాలన్నీ కలిపి 40 నుంచి 50 శాతం మించకూడదని బ్యాంకులు సాధారణంగా చూస్తాయి. అంటే రుజువు చూపగల ఆదాయం కనీసం 20,000 ఉండాలి. విద్యారుణమో, ఫోను వాయిదాయో ఉంటే అదీ ఈ లెక్కలో చేరుతుంది.

చేతిలో ఉండవలసిన సొమ్ము వేరు. 30 లక్షల లోపు రుణాలలో ఇంటి విలువలో 90 శాతానికి మించి ఇవ్వరాదని రిజర్వు బ్యాంకు నియమం. స్టాంపు, రిజిస్ట్రేషను ఖర్చులు సుమారు 7.5 శాతం, అవి మనమే భరించాలి. మన ఉదాహరణలో 2 లక్షలకు తోడు మరో 90 వేలు. ఇది లేనివారు చేబదులు తెచ్చి మొదలుపెడితే రెండు అప్పులు నెత్తిన పడతాయి.

సహ రుణగ్రహీత ఉంటే దారి కొంత సులువవుతుంది. కుట్టుపని చేసే తల్లి, ఉద్యోగంలో ఉన్న అన్న, కుటుంబ పింఛను ఉంటే అదీ కలిపి చూపవచ్చు. కాని సంతకం చేసిన ప్రతివారూ మొత్తం అప్పుకు బాధ్యులని మరువరాదు.

ఇంటి కాగితాలదీ ఇదే కథ. మన పాత మహల్లాలలో నోటరీ కాగితం మీద చేతులు మారిన ఇళ్లు ఎన్నో. వాటి మీద బ్యాంకు రుణం ఇవ్వదు. రిజిస్టరు దస్తావేజు, లింకు పత్రాలు, ఈసీ చూడకుండా బయానా ఇవ్వవద్దు. వక్ఫ్ భూమి అమ్మకం చెల్లదు. ఎవరు ఎంత చౌకగా చూపినా ఆ జోలికి పోరాదు.

అర్హత ఉన్నా తిరస్కరిస్తే? కొన్ని బ్యాంకులు ముస్లిములు అధికంగా నివసించే ప్రాంతాలను ప్రతికూల ప్రాంతాలుగా గుర్తించి రుణాలు సులువుగా ఇవ్వడం లేదని 2006లో సచార్ కమిటీ నివేదికే పేర్కొన్నది. కనుక నోటిమాటతో వెనుదిరగవద్దు. దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. తిరస్కరణకు ప్రధాన కారణం రాతపూర్వకంగా తెలపాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉన్నది. బ్యాంకుకు ఫిర్యాదు చేసి 30 రోజులు గడిచినా జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఉచితంగా ఆశ్రయించవచ్చు.

వడ్డీ విషయం మనస్సాక్షికి సంబంధించినది. మన దేశంలో వడ్డీ లేని బ్యాంకింగును 2008లో రఘురామ్ రాజన్ కమిటీ సిఫారసు చేసినా, 2017లో రిజర్వు బ్యాంకు ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని నిర్ణయించింది. ఈ ఇరుకులో ఏమి చేయాలో మీరు నమ్మే ఉలమాను అడిగి, ఇంటిల్లిపాదీ కలసి నిర్ణయించుకోండి. ఆ భారాన్ని ఇరవై ఏళ్ల బిడ్డ ఒక్కడి మీద వదలవద్దు.

చివరగా మా అభిప్రాయం చెబుతాము. చదువు పూర్తికాని బిడ్డ పేర ఇరవై ఏళ్ల అప్పు పెట్టడం, దొరికినా సరే, మంచిది కాదు. వాయిదా తప్పరాదన్న భయంతో మొదట మానేది కళాశాలే. మూడు నెలల వాయిదాలు ఆగితే ఖాతా మొండిబాకీ అవుతుంది. ఆపై 60 రోజుల నోటీసు ఇచ్చి ఇంటిని స్వాధీనం చేసుకునే అధికారం 2002 నాటి చట్టం బ్యాంకుకు ఇచ్చింది. అప్పుడు డిగ్రీ ఉండదు, ఇల్లూ ఉండదు. రెండేళ్లు ఆగితే అదే బిడ్డ ఉద్యోగపు జీతంతో, రిటర్నుల ఆధారంతో తలెత్తుకుని బ్యాంకు మెట్లెక్కుతాడు.

ఆ రెండేళ్లు ఆ కుటుంబానికి ఎవరు తోడుంటారు? ఈ ప్రశ్న బ్యాంకుకు కాదు, మనకు. అద్దె బకాయికి, పరీక్ష ఫీజుకు బైతుల్ మాల్ నుంచి ఖర్జె హసనా ఇద్దాము. బిడ్డలకు పాన్ కార్డు, ఖాతా, రిటర్ను పనులలో విశ్రాంత ఉద్యోగులమైన మేము ఉచితంగా సాయపడతాము. దుకాణాలున్న సోదరులు తమ వద్ద పనిచేసే విద్యార్థుల జీతం నెలనెలా ఖాతాలో వేయండి. మీకది చిన్న పని. రేపు ఆ బిడ్డ బ్యాంకులో చూపగలిగే రుజువు అదే.