కారుకు క్రొత్త ముఖము

పెనుకొండ చెంత ఎర్రమంచిలోని కియా కర్మాగారమునుండి సెల్టాస్ కారు 2019 ఆగస్టులో విపణికి వచ్చినది. 2023 జూలైలో దాని ముందుభాగమును, దీపములను మార్చిరి. అమ్మకములకు మరల ఊపు తెచ్చుటకే కంపెనీలు ఇట్టి నడిమి మార్పులు చేయును. అయితే ఆనాటినుండి నిన్నటి కారు పాతదిగా కనబడును. మారుబేరమున వెల తగ్గును. విలాసపు కార్లలో ఆ తగ్గుదల లక్షలలో నుండును. 1957 మొదలు 2014 వరకు తయారైన అంబాసిడరు ఆకారము పెద్దగా మారలేదు గనుక ఆ బండికి ఈ చిక్కు తక్కువ.

రామాపురమున పంటసొమ్ముతో కారు కొనువారు మనలో కలరు. మార్పు వచ్చు వేళ పాతరూపు కారును తగ్గింపు ధరకు ఇచ్చుట కలదు. పదేండ్లు వాడుకొనువారికి అది లాభము. మూడేండ్లకే అమ్మువారికి ఆ తగ్గింపు మిగులదు. కనుక ధర అడుగుటకు ముందు, బండిని ఎన్నేండ్లు ఉంచుకొందుమో మనము నిశ్చయించుకొనవలెను.