సోనబియ్యపు రుచి

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములవారిని మంచి బియ్యమేదని అడిగినచో "కర్నూలు సోన" యని చెప్పుదురు. చిత్రమేమనగా, ఆ విత్తనము కర్నూలుది కాదు. బాపట్లలో రూపొంది 1986లో విడుదలయిన బి.పి.టి. 5204, అనగా సాంబ మసూరియే అది. కె.సి. కాలువ నీట, కుందూ పరిసరముల నల్లరేగడిలో పండి క్రొత్త పేరు తెచ్చుకొన్నది.

ద్రాక్షసారాయముల లోకమున నిట్టి సంగతి పాతదే. షార్డొనే యను తెల్లద్రాక్ష ఫ్రాన్సు దేశపుదైనను, నేలనుబట్టి దాని రుచి మారును. 1976లో పారిస్ నగరమున సీసాల పేర్లు మరుగుపరచి ఫ్రెంచి నిపుణులచేతనే రుచి చూపింపగా, తెల్లసారాయములలో ప్రథమస్థానము కాలిఫోర్నియా షార్డొనేకు దక్కినది. పేరు కనబడినచో తీర్పు అట్లుండెడిది కాదేమో!

మనమో, సంచిమీది పేరు చూచియే బియ్యము కొనుచున్నాము. ఎక్కడ పండినదానికైనను ఆ పేరు అచ్చువేయుట కష్టము కాదు. నష్టము కుందూ గట్టున పండించిన రైతుకును, ధర చెల్లించిన గృహిణికిని.

కావున మూడు అంగళ్ల బియ్యము తెచ్చి, ఏది యెక్కడిదో వండువారికి తప్ప అన్యులకు తెలియనీయక పరీక్షింపవలెను. ముందు గింజను పంట కొరికి చూడుడు. ఏడాది నిలువయున్నది టక్కున విరుగును. పిమ్మట మూడింటిని సమానముగా కొలిచి, ఒకే తీరు పాత్రలలో, ఒకే కొలత నీట వండవలెను. పాతబియ్యము నీరెక్కువ పీల్చును గనుక, అది బిరుసుగా దిగినచో తప్పు బియ్యానిది కాదు. నీరు పెంచి మరల వండుడు. ఆవిరిపట్టిన బియ్యము క్రొత్తదైనను పొడిపొడిగా ఉడుకును. పొడిదనమొక్కటే చూచి పాతదని నమ్మరాదు.

మొదటి ముద్ద వట్టి అన్నమే తినవలెను. గోంగూర పచ్చడి కలిపిన పిమ్మట ఏ బియ్యమైనను బాగుండును! వాసన, మెత్తదనము, నమలగా వచ్చు తీపి గమనింపవలెను. కొంత మిగిల్చి, చల్లారిన పిదప గట్టిపడినదేమో చూడవలెను.

మా యింట ఈ పరీక్ష జరిపినపుడు పిల్లలు తళతళలాడు తెల్లని అన్నమునకే మొగ్గిరి. పండ్లులేని మా పెద్దమ్మ దానిని ప్రక్కకు నెట్టి, రంగు తక్కువదానిని మరియొక ముద్ద వేయుమన్నది. మరునాడు పెరుగులోనికి మెత్తగా నిలిచినదియు నదే. ఆళ్లగడ్డనుండి బంధువులు గోనెసంచిలో పంపిన బియ్యమది; సంచిపై పేరేమియు లేదు.