తేమను తెలియుట – తేమను కొలుచుట
(మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై సాధారణముగా మన భాషను గూర్చి, బడులను గూర్చి, పండుగలను గూర్చి ప్రసంగములు జరుగుచుండును. నేడు తేమను గూర్చియు, దానిని కొలుచు పనిముట్లను గూర్చియు కొన్ని మాటలు మనవి చేయ నిశ్చయించితిమి. ఇది ఇంజనీర్ల విషయము గదా, మనకేల యని కొందఱు తలపవచ్చును. కాని మగ్గమును నమ్ముకొని బ్రతికిన కుటుంబములును, పత్తి, సోయా, పసుపు పండించు కుటుంబములును, తాతల నాటి తెలుగు పుస్తకములను పెట్టెలలో దాచుకొన్న కుటుంబములును మనలో పెక్కు కలవు. ఈ మూడింటికిని తేమ ఒకచో మిత్రము, మఱియొకచో శత్రువు.

మన పెద్దలు తేమను ఎఱుగనివారు కారు. గింజను పంట కొఱికి చూచి ఆరినదియు లేనిదియు చెప్పెడివారు. ఉడికించి ఎండబెట్టిన పసుపు కొమ్మును విఱిచి, లోహపు ముక్కవలె మ్రోగినచో గాదెకు ఎత్తెడివారు. సాలెలు తెల్లవాఱుజామున గాలి చల్లగా నున్నప్పుడే పడుగును వీధిలో చాచి గంజి పట్టించెడివారు. ఈ జ్ఞానము గొప్పది. అయినను, బేరము చేయునప్పుడు ఒకని పంటికిని మఱియొకని పంటికిని తగవు వచ్చినచో తీర్చువారెవరు? ఇరువురును ఒప్పుకొనదగిన అంకె యొకటి కావలెను. పనిముట్టు పుట్టినది అందులకే.

ముందుగా గాలిలోని తేమను చూతము. గాలి వేడెక్కినకొలది ఎక్కువ నీటియావిరిని ఇముడ్చుకొనగలదు. 20 సెంటీగ్రేడు డిగ్రీల యొద్ద ఒక ఘనమీటరు గాలి సుమారు 17 గ్రాముల ఆవిరితో నిండిపోవును. 30 డిగ్రీల యొద్ద 30 గ్రాములు, 40 డిగ్రీల యొద్ద 51 గ్రాములు పట్టును. పట్టగలిగినదానిలో ఇప్పుడు ఎంత పాలు ఉన్నదో చెప్పునదే సాపేక్ష ఆర్ద్రత. 30 డిగ్రీల గాలిలో 15 గ్రాములున్నచో అది సగము నిండినది, అనగా 50 శాతము. ఆ గాలియే రాత్రి 20 డిగ్రీలకు చల్లబడినచో, ఒక బొట్టు నీరైనను చేరకయే, ఆర్ద్రత 85 శాతము దాటును. పగలు ఎండిన పత్తి తెల్లవాఱుసరికి మెత్తబడుటకు ఇది యొక కారణము.

దీనిని కొలుచుటకు అన్నిటికంటె నమ్మదగిన సులభ సాధనము జంట ఉష్ణమాపకము. ఒకదాని బుడ్డి పొడిగా నుండును. రెండవదాని బుడ్డికి పలుచని నూలుగుడ్డ చుట్టి, దాని కొసను నీటిలో ముంచి యుంచుదురు. ఇందులోని కిటుకు మన కూజాలో నున్నదే. కూజాపై చెమర్చిన నీరు ఆవిరియగుచు వేడిని హరించును గనుక నీరు చల్లబడును. ఏప్రిలులో కూజానీరు హాయిగా నుండును, జూలైలో అంతగా చల్లబడదు. ఏలయన, తడిగాలిలో ఆవిరియగుట మందగించును. అటులనే రెండు ఉష్ణమాపకముల భేదము ఎక్కువైనచో గాలి పొడి, తక్కువైనచో గాలి తడి. పొడిబుడ్డి 40, తడిబుడ్డి 22 చూపిన వేసవి మధ్యాహ్నమున ఆర్ద్రత ఇంచుమించు 20 శాతము. 30, 25 చూపినచో 67 శాతము. వానకాలమున 27, 26 చూపినచో 92 శాతము. భేదమునుండి శాతమును తెలుపు పట్టిక పనిముట్టుతోడనే దొరకును.

అయితే దీనికి కొన్ని నియమములు కలవు. గుడ్డ శుభ్రముగా, మెత్తగా నుండవలెను. బావినీటిలోని సున్నము పేరుకొని గుడ్డ గట్టిపడినచో నీరు సరిగా ఎక్కదు. అపుడు తడిబుడ్డి చల్లబడవలసినంత చల్లబడక, ఉన్నదానికంటె ఎక్కువ తేమను చూపును. కావున బట్టీపట్టిన నీటిని వాడుట మేలు. గాలి కదలిక లేని మూలను గాని, ఎండ తగులు గోడను గాని దీనిని వ్రేలాడదీయరాదు. చదువుటకు ముందు కొన్ని నిమిషములు విసనకఱ్ఱతో వీచవలెను.

మఱియొక సాధనము వెండ్రుకతో చేసినది. మనుష్యుని వెండ్రుక తడిగాలిలో సాగును, పొడిగాలిలో కుదియును. జెనీవా నగర శాస్త్రజ్ఞుడు సొస్యూర్ ఈ ధర్మమును పరిశీలించి 1783లో ఆర్ద్రతను గూర్చి గ్రంథము వెలువరించెను. పూర్తి పొడినుండి పూర్తి తడికి వెండ్రుక సాగునది నూటికి రెండున్నర పాళ్లకు మించదు. ఆ స్వల్పమైన సాగుదలయే ముల్లును త్రిప్పును. నేడు అంగళ్లలో అమ్ము చిన్న విద్యుత్ సాధనములు సన్నని పొరలో తేమ చేరినప్పుడు కలుగు విద్యుద్గుణముల మార్పును అంకెగా చూపును. వెండ్రుకదైనను, విద్యుత్తుదైనను, కాలక్రమమున తప్పు చూపుట సహజము. దానిని పరీక్షించు ఉపాయము ప్రతి వంటయింటిలోను కలదు. ఒక చిన్న గిన్నెలో ఉప్పుపోసి, ముద్దగా నగునట్లు కొద్దిగా నీరు చేర్చి, సాధనముతోకూడ మూతగల డబ్బాలో ఒక దినముంచుడు. లోపలి గాలి 75 శాతము యొద్ద నిలుచును. సాధనము 70 చూపినచో అది 5 తక్కువ చెప్పుచున్నదని తెలియును.

ఇక వస్తువులోని తేమ. నూలుపోగు తగినంత తేమతో నున్నప్పుడు బలమెక్కువ, పొడిబాఱినచో తెగును. నేలలోని గుంటలో కూర్చుండి నేయు మగ్గమునకు నేలచెమ్మ సాయపడెడిది. నిజాము రాజ్యకాలమున మన నాందేడులో నెలకొన్న ఉస్మాన్‌షాహీ మిల్లు మూతపడినది గాని, మిల్లుల పేరు చెప్పగనే మనవారికి నేటికిని అదియే స్ఫురించును. నేతశాలలలో గాలికి తేమ నిచ్చుట పరిశ్రమకు అవసరమే. అయినను, అది కార్మికునికి ఉక్కగా పరిణమించును. అందుచేతనే 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 15వ సెక్షనులో కృత్రిమముగా తేమ కల్పించుటకు హద్దులు నిర్ణయించుటకును, వాడు నీరు శుభ్రముగా నుండుటకును ఏర్పాటు ఉండెడిది. కొలత లేనిచో హద్దు ఎట్లు నిలుచును?

అన్నిటికంటె ముఖ్యము బజారు. 1984లో నాందేడు పరిశోధనా కేంద్రమునుండి వెలువడిన సంకర పత్తి దేశమంతట మన ఊరి పేరును వ్యాపింపజేసినది. ఆ పత్తిని అమ్మబోయిన రైతునకు తేమ అంకె యనగా రూపాయల అంకె. భారత పత్తి సంస్థ కనీస మద్దతుధరకు కొనునప్పుడు 8 శాతము తేమను ప్రమాణముగా గొని, 12 వరకు ధర తగ్గించి కొనును. 12 దాటినచో కొనదు. సోయాకు 12 శాతము హద్దు. 2024 నవంబరులో, వానల ననుసరించి, ఆ పంటకాలమునకు మాత్రము కేంద్ర ప్రభుత్వము దానిని 15కు సడలించినది.

ఇచట లెక్క తెలిసి యుండవలెను. 12 శాతము తేమగల క్వింటాలు పత్తిలో పొడి సరుకు 88 కిలోలు. అదే సరుకు 8 శాతము తేమతో నున్నచో తూకము సుమారు 95 కిలోల 650 గ్రాములు. అనగా న్యాయమైన కోత నాలుగున్నర కిలోలకు లోపలనే. అంతకు మించి కోసినచో కారణమడుగు హక్కు అమ్మువానికి కలదు. మఱియొక చిక్కు: 100 గ్రాముల సరుకు ఎండి 90 గ్రాములైనచో, తడి తూకమునుబట్టి తేమ 10 శాతము, పొడి తూకమునుబట్టి 11 పైచిలుకు. నూలు వర్తకమున చెప్పు 8.5 శాతము పొడి తూకముమీది లెక్క. ఏ లెక్కయో అడుగనిదే అంకెను ఒప్పుకొనరాదు.

పత్తిలో గ్రుచ్చు సూదుల సాధనము విద్యుత్తు ఎంత సులభముగా ప్రవహించునో చూచి తేమను చెప్పును. వదులుగా నున్న పత్తిలో గ్రుచ్చినచో తక్కువ, గట్టిగా నొక్కినచో ఎక్కువ చూపును. గింజలను పోసి చూచు సాధనములో ఏ పంటయో ముందుగా ఎన్నుకొనవలెను. సోయాను వేఱొక పంట గుర్తుమీద చూచినచో అంకె తప్పును. గింజ ఎండకు కాగియున్నను తప్పవచ్చును. కావున బండి పైభాగమునుండి మాత్రమేగాక, నడుమనుండియు అడుగునుండియు నమూనాలు తీయించి, మూడుమార్లు చూపించి, సగటు తీయుమని మర్యాదగా అడుగవలెను. తగవు తేలనిచో, సరుకును తూచి, 105 డిగ్రీల పొయ్యిలో తూకము తగ్గుట ఆగువఱకు ఎండబెట్టి, మరల తూచుటయే తుది తీర్పు.

బిలోలి, దెగ్లూరు, ధర్మాబాదు, కిన్వట్ ప్రాంతములనుండి వచ్చు మనవారిలో పలువురకు చీటిమీది మాటలు క్రొత్త. మరాఠీలో ‘ఓలావా’, హిందీలో ‘నమీ’ అన్నను అది మన ‘తేమ’యే. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రము విడిపోయి, మన జిల్లా బొంబాయి రాష్ట్రమున చేరినది. 1960 మే 1 నుండి మహారాష్ట్రమున నున్నది. ఇరుగుపొరుగుల భాష నేర్చి, అన్యోన్యముగా జీవించుచున్నాము. ఆ భాషలో అంకెలనుగూడ నేర్చినచో ఎవరితోడను కలహము లేకయే మన కష్టఫలమును కాపాడుకొందుము.

చివరగా పుస్తకములు. గాలి ఆర్ద్రత 65 శాతమునకు పైన చాలకాలము నిలిచినచో కాగితమునకు బూజు పట్టును. మన యిండ్లలోని పాత తెలుగు గ్రంథములు, దస్తావేజులు పోయినచో మరల రావు. వాని పెట్టెను గోడకు జేనెడు దూరమున, నేలకు ఎత్తున ఉంచుడు. ప్రక్కన చిన్న ఆర్ద్రతామాపకము నుంచి, వానలు వెలిసి అంకె దిగిన దినములలో తెఱచి గాలి తగులనిండు. బయట గాలి లోపలికంటె తడిగా నున్నపుడు తెఱచుట హానియే.

జంట ఉష్ణమాపకము నొకదానిని మన సంఘ కార్యాలయమున నుంచి, ఉదయము, సాయంకాలము పిల్లలచేత చదివించి, తెలుగులో వ్రాయింపవలెనని మా ప్రార్థన. తక్కెడను చూచుకొననిదే మనము సరుకు కొనము, అమ్మము. తేమయు తక్కెడవంటిదే. దానిని చదువనేర్చిన ఇల్లు మోసపోదు, ఒరులను మోసగింపదు.