పేరు మారిస్తే నమ్మకం తిరిగొస్తుందా? లివ్‌స్ట్రాంగ్ కథ

చేతికి వేసుకునే రబ్బరు బ్యాండ్లు తెలుసు కదా? ఆ ట్రెండ్‌ని ప్రపంచమంతా తీసుకెళ్లింది ఒక పసుపు బ్యాండ్. 2004లో ఒక అమెరికన్ చారిటీ, నైకీతో కలిసి, ఒక్కోటి ఒక డాలర్‌కి అమ్మింది. మొత్తం 8 కోట్లకు పైగా అమ్ముడుపోయాయి.

ఆ చారిటీ పేరు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఫౌండేషన్. క్యాన్సర్ నుంచి బయటపడ్డ సైక్లిస్ట్ లాన్స్ 1997లో పెట్టాడు. తర్వాత టూర్ డి ఫ్రాన్స్ వరసగా 7 సార్లు గెలిచాడు. జనానికి ఆయనే హీరో, ఆయనే చారిటీ.

2012 అక్టోబర్‌లో సీన్ రివర్స్. నిషేధిత మందులు వాడి గెలిచాడని అమెరికా యాంటీ డోపింగ్ ఏజెన్సీ రిపోర్ట్ ఇచ్చింది. ఆ టైటిళ్లన్నీ పోయాయి. చారిటీ చైర్మన్ పదవి వదిలాడు, నవంబర్‌లో బోర్డు నుంచి కూడా బయటికొచ్చాడు. అదే నెలలో చారిటీ తన పేరుని లివ్‌స్ట్రాంగ్ ఫౌండేషన్ అని ప్రకటించింది. అయినా 2013 మేలో నైకీ పక్కకి తప్పుకుంది. డొనేషన్లు బాగా పడిపోయాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆ డోపింగ్ కేసు పేషెంట్ల డబ్బు గురించి కాదు. మోసం జరిగింది సైకిల్ రేసుల్లో. మరి దెబ్బ ఎవరికి? ఇన్సూరెన్స్ అర్థంకాక, ట్రీట్‌మెంట్ ఖర్చు తెలియక సాయం అడిగే క్యాన్సర్ పేషెంట్‌కి!

మా సాఫ్ట్‌వేర్ భాషలో దీన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం. ఒక్క సర్వర్ మీద అంతా పెడితే, అది పడితే అన్నీ పడతాయి. ఇక్కడ ఆ సర్వర్ ఒక మనిషి ముఖం.

ఇంకో కేసు చూడండి. యునైటెడ్ వే ఆఫ్ అమెరికా హెడ్ విలియం అరామొనీ, విలాస ఖర్చుల గొడవతో 1992లో దిగిపోయాడు. 1995లో మోసం కేసులో 7 ఏళ్ల జైలు శిక్ష పడింది. అక్కడ తప్పు డబ్బులోనే ఉంది. కొత్తగా వచ్చిన ఎలైన్ చావ్ ఖర్చులు తగ్గించారు. పేరు మాత్రం అదే ఉంచారు. ఎందుకంటే వేరియబుల్ పేరు మారిస్తే బగ్ పోదు కదా!

సో, రీబ్రాండింగ్‌కి ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: అసలు ఏ నమ్మకం విరిగింది? లెక్కల మీద నమ్మకం పోతే లెక్కలు బయటపెట్టాలి. ముఖం మీద నమ్మకం పోతే పని చూపించాలి. లివ్‌స్ట్రాంగ్ మెల్లగా అదే చేసింది. క్యాన్సర్ నుంచి కోలుకున్నవాళ్లకి వైఎంసీఏలతో కలిసి నడిపే ఎక్సర్‌సైజ్ ప్రోగ్రామ్‌ని ఆపలేదు. 2014లో టెక్సస్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్‌కి 5 కోట్ల డాలర్లు ఇస్తామని మాటిచ్చింది. పాత వైభవం రాలేదు కానీ, పని బతికింది.

మీరు కూడా ఈసారి ఏదైనా చారిటీకి యూపీఐ కొట్టేముందు, పోస్టర్ మీద హీరో ఎవరని కాదు, ఆ హీరో లేకపోయినా ఇక్కడ పని నడుస్తుందా అని చూడండి.