పసుపు సబ్బు అమ్మదలచిన రైతులకు



పైరుల గూర్చి చెప్పవలసిన వ్యవసాయశాస్త్ర ఉపన్యాసకుడు సబ్బుల గూర్చి చెప్పుటయేమని మీకు తోచవచ్చును. దుగ్గిరాలలో గాని, నిజామాబాదులో గాని పసుపు ధర పడిపోయినప్పుడెల్ల, "కొమ్ములు అమ్ముటకంటె సబ్బు చేసి అమ్మరాదా?" అను ప్రశ్న వచ్చుచున్నది. ఆలోచన మంచిదే. అయితే అచ్చులకు, సరుకునకు, అట్టపెట్టెలకు అప్పు తీయకముందే తెలిసికొనవలసిన సంగతి యొకటి కలదు.

శరీరమును శుభ్రపరచుటకు గాని, అందము చేకూర్చుటకు గాని రుద్దు, పూయు, చల్లు వస్తువు ఏదైనను చట్టము దృష్టిలో సౌందర్య సాధనమే. 1940 నాటి ఔషధముల చట్టములోనికి ఇవి 1962లో చేరినవి. అప్పట్లో సబ్బును మినహాయించిరి. 1982 సవరణతో ఆ మినహాయింపు పోయినది. ఇప్పుడు అమలులో నున్నవి 2020 నాటి నియమములు. వీని ప్రకారము అమ్మకమునకై తయారుచేయువారికి రాష్ట్రప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి. మహిళా సంఘము పేర చేసినను, సంతలో కొద్దిపాటి సబ్బులే అమ్మినను నియమము మారదు. దుకాణదారునకు అమ్మకపు లైసెన్సు వేరుగా అక్కరలేదు గాని, లైసెన్సు లేనివారు చేసిన సరుకును అతడు అమ్మరాదు.

ఒకే వస్తువు లేబిలును బట్టి రెండు చట్టముల క్రిందికి వచ్చును. పసుపు పొడిని వంటకని అమ్మినచో ఆహార చట్టము, స్నానపు పొడి అని అమ్మినచో ఈ చట్టము. కొబ్బరినూనె సంగతి చూడుడు. చిన్న సీసాలలోని శుద్ధమైన నూనె, తలనూనె అని పేర్కొననంతవరకు, వంటనూనెయే అని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక పన్ను తగవులో తేల్చినది. ఇక "మొటిమలు మానును, గజ్జి పోవును" అని అచ్చువేయించితిరా, అది మందు క్రింద లెక్కకు వచ్చును. దానికి వేరు లైసెన్సు కావలెను. నా మట్టుకు, తయారీలోకంటె ఈ రెండు మాటలలోనే ఎక్కువ ప్రమాదమున్నది.

గది ఎట్లుండవలెను? ఎలుకలు, పురుగులు చొరనిదై, నేల నునుపుగా కడుగుటకు వీలుగా ఉండవలెను. గోడలు ఆరడుగుల ఎత్తువరకు నీరు పీల్చనివై ఉండవలెను. పని అర్హతగల వ్యక్తి పర్యవేక్షణలో జరుగవలెను. ఫార్మసీ డిప్లొమా గలవారే కానక్కరలేదు. రసాయనశాస్త్రముతో ఇంటర్మీడియెటు ప్యాసైనవారును పనికివత్తురు. అట్టి పిల్లలు మన పల్లెలలో కొదువలేరు.

ఇంత ఖర్చు భరింపలేని సంఘములకు మరియొక దారి కలదు. ఇదివరకే లైసెన్సు గల కర్మాగారములో, మీ సరుకును మీ పేర తయారుచేయించుకొనవచ్చును. దీనిని లోన్ లైసెన్సు అందురు. తొలి రెండు మూడేండ్లు ఇట్లు నడిపి, గిరాకీ నిలిచిన పిదప షెడ్డు కట్టుట మేలని నా అభిప్రాయము. సొంత తయారీకి దరఖాస్తు సి.ఓ.ఎస్.-5 ఫారము, లోన్ లైసెన్సునకు సి.ఓ.ఎస్.-6.

విత్తనపు సంచిపై లాటు సంఖ్య చూచియే మీరు కొందురు గదా. మీ సరుకు కొనువారికిని అట్టి ఆధారమే కావలెను. లేబిలుపై తయారీదారు పేరు, చిరునామా, నికర తూకము, వాడదగిన గడువు, చేర్చిన పదార్థములు, "ఎమ్" అక్షరము ముందుంచి లైసెన్సు సంఖ్య ఉండవలెను. "బి" అక్షరముతో బ్యాచి సంఖ్యయు వేయవలెను. సబ్బునకు దాని బదులు తయారైన నెల, సంవత్సరము చాలును.

కుంకుమ చేయువారు రంగు విషయమున మరింత జాగ్రత్త పడవలెను. పసుపునకు సున్నము తగిలిన ఎఱ్ఱనగుట మీరెరిగినదే. ఆ ఎరుపు చాలదని బజారు రంగు కలిపినచో చిక్కు. పూర్వము సిందూరముగా వాడిన ఎఱ్ఱని పొడి సీసపు భస్మమే. సీసము, ఆర్సెనిక్కు గల రంగులను చట్టము నిషేధించినది. అనుమతించిన రంగులలో సైతము సీసము పదిలక్షల పాళ్ళలో 20 పాళ్ళకు మించరాదు. సబ్బు, తలనూనె, గోరింట పొడి, కుంకుమలకు భారత ప్రమాణములున్నవి. సరుకు వానికి సరిపోవలెను.

దరఖాస్తులు చూచునది ఉభయ రాష్ట్రములలోను ఔషధ నియంత్రణ శాఖ. గది కట్టకముందే దాని నమూనా కాగితము పట్టుకొని మీ ప్రాంతపు డ్రగ్స్ ఇన్‌స్పెక్టరును కలిసికొనుడు. లైసెన్సు చేతికి వచ్చిన పిదప ఐదేండ్లకొకమారు దానిని నిలుపుకొను రుసుము కట్టవలెను. ఆ తేదీని లెక్కల పుస్తకములో మొదటి పుటలోనే వ్రాసియుంచుకొనుడు.