ఒక్క పేరు, ఎన్నో పలుకుబడులు

కుడి నుంచి ఎడమకు, 28 అక్షరాలతో రాసే అరబిక్ ఇరవైకి పైగా దేశాల్లో అధికార భాష. 1973 డిసెంబరు 18న ఐక్యరాజ్యసమితి అధికార భాషల్లోనూ చేరింది. విచిత్రమేమిటంటే, వార్తల్లో వినిపించే అరబిక్ దాదాపు ఎవరికీ ఉగ్గుపాలతో వచ్చిన భాష కాదు. దాన్ని ఫుస్‌హా అంటారు. ఖురాన్ భాష దానికి ఆదర్శం. పిల్లలు దాన్ని బడిలో నేర్చుకుంటారు.

ఇంట్లో, బజారులో మాట్లాడేది వేరు. మొరాకో వాడుక భాషలో బెర్బెర్, ఫ్రెంచి మాటలు బాగా కలిశాయి. తన ధోరణిలో గబగబా మాట్లాడే మొరాకో మనిషిని ఇరాకీ సులువుగా అర్థం చేసుకోలేడు. ఈజిప్టు పలుకుబడి మాత్రం అందరికీ పరిచయమే. అది కైరో సినిమాల చలవ, గాయని ఉమ్ కుల్సూమ్ పాటల చలవ! ఇక మాల్టా ద్వీపంలోని మాల్టీస్ భాష అరబిక్ నుంచే పుట్టినా, రోమన్ లిపిలో రాస్తూ వేరే భాషగా స్థిరపడింది.

తెలంగాణ నుంచి, కోనసీమ నుంచి గల్ఫ్ వెళ్లినవారు పనిచోట వినే అరబిక్ ఖలీజీ అనే అక్కడి వాడుకే. ఒప్పంద పత్రాల్లో ఉండేది ఫుస్‌హా. మాట వచ్చింది కదా అని, చదివించుకోకుండా సంతకం పెట్టకండి.