నవ్యకవిత్వమున నిరాశయు, ఆశాకిరణములును



చాలకాలము క్రిందట పుంగనూరు దాపున నొక పల్లెలో, భారతము కంఠస్థముగా నున్న వృద్ధులొకరు నన్ను నిలదీసి యడిగిరి: "నాయనా, మీ నూతనకవులు ఎప్పుడును ఏడ్చుచుందురేల? పంట పండక మేమేడ్చుచున్నది చాలదా?" అప్పుడు నాకు తగిన యుత్తరము తోచలేదు. నేడు చెప్ప యత్నించెదను.

ఏడ్పు కవిత్వమునకు క్రొత్త కాదు. తిక్కనగారి ద్రౌపది యేడ్చినది. ఆమెతోపాటు మనమును ఏడ్చితిమి. అయితే అచ్చట దుఃఖమునకు కారణము కథలోనే కలదు. 1925లో వెలువడిన కృష్ణపక్షమున దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు తమ హృదయవేదననే కావ్యవస్తువుగా గ్రహించిరి. కారణమడుగువారికి ఇది చిక్కుగానే యుండును. ఆయనను చూచి, ఏ వేదనయు లేకయే కన్నీరు గార్చిన యనుకర్తలును కొందరు బయలుదేరిరి. వారి విషయమున వృద్ధుల యాక్షేపణ న్యాయమే. కాని కృష్ణపక్షమను పేరు చూడుడు. పంచాంగమెరిగిన మీకు దాని తరువాత వచ్చునదేదో నేను చెప్ప బనిలేదు.

మదనపల్లె చెంత ఆరోగ్యవరమున క్షయరోగులకు చికిత్సాలయము వెలసిన దినములలో ఆ రోగమునకు నేటి మందులు లేవు. విశ్రాంతి, మంచి గాలి, పుష్టినిచ్చు ఆహారము, ఇవియే చికిత్స. అట్టి రోగికి జ్వరమెంత యున్నదో దినదినమును చూచి వ్రాసిపెట్టుట నిరాశ యగునా? బ్రతికింపదలచినవాడే జ్వరము చూచును. విద్వాన్ విశ్వంగారి పెన్నేటి పాట యట్టిది. 1950వ దశకమున వెలువడిన ఆ కావ్యమున రాయలసీమ కరవు, ఇసుకయే మిగిలిన పెన్న, పేదకాపురపు వెతలు కనబడును. కుప్పము స్టేషనులో మూటతో బెంగుళూరు రైలెక్కు కొడుకును సాగనంపిన తండ్రికి దానిని వ్యాఖ్యానింప నక్కరలేదు.

ఆశ సుఖదినములలోనే పుట్టవలెనను నియమమును లేదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రులు మదనపల్లె కళాశాలకు అతిథిగా వచ్చి, జనగణమనను ఇంగ్లీషులోనికి తెచ్చి దానికి భారతదేశపు ఉదయగీతమని పేరు పెట్టిరి. మహాయుద్ధము ముగిసి అప్పటికి నాలుగు నెలలైనను కాలేదు. ఇన్‌ఫ్లుయెంజా జ్వరము దేశమున ఇల్లిల్లును ఏడ్పించిన మరుసటి యేడది.

ఇక పుంగనూరు వృద్ధుల మాటకు వచ్చెదను. ఉత్తరము తోచక ఆ సాయంకాలము వారికి జాషువాగారి గబ్బిలము చదివి వినిపించితిని. 1941లో వచ్చిన ఆ కావ్యము కాళిదాసుని మేఘసందేశపు బాట పట్టినది. పద్యములు గనుక వారు చెవియొగ్గిరి. అంటరానివాడని గుడి వెలుపల నిలుపబడినవాడు తన బాధను కాశీలోని శివునకు విన్నవింపుమని గబ్బిలమును వేడుకొనును. మనుష్యునకు లేని ప్రవేశము దానికి గలదు గదా! ఇంతకన్న నిరాశ యేమున్నది? అయినను విన్నపము పంపువాడు, వినువాడొకడు గలడని ఇంకను నమ్మినవాడే.

చదువుట ముగియగా, అరుగునకు దూరముగా నిలిచి వినుచున్న యొక ముసలాయన, "అయ్యా, గబ్బిలము తిరిగివచ్చినదా?" అని యడిగెను. నాకు మాట రాలేదు. భారతము వృద్ధులు కొంతసేపు నేల చూచిరి. పిదప అరుగుమీద ఒక ప్రక్కకు జరిగి, "ఇటు వచ్చి కూర్చుండుము" అనిరి. ఆయన వెంటనే రాలేదు. వృద్ధులు నావైపు తిరిగి, మొదటి పద్యమునుండి మరల చదువుమనిరి.